వెండి మీద హన్నా బంగారం

హన్నా గురించి రాయమంటే మా పటమట వీధిలో ఎవరికి తోచినట్టు వాళ్లు రాస్తారు. రాయనీండి. ఆ మనిషి కుంపటి నా వాకిట్లో వెలిగింది, ఆ పొగ నా కళ్లలోకొచ్చింది. కాబట్టి నేను రాసిందే అసలుది. అక్షరాలు వంకరగా ఉంటే దిద్దుకోండి, మాటల జోలికి మాత్రం రాకండి.

హన్నాది బందరు పక్క పల్లె. ఆ చుట్టుపక్కల ఆడపిల్లలు పొలం పనికి ఎంతమంది పోతారో, రోల్డుగోల్డు నగలకి మెరుగు పెట్టే పనికీ అంతమంది పోతారు. కుంకుడు రసంలో నగలు నానేసి, కుచ్చుతో తోమి, ఆరబెట్టి, గుడ్డతో రుద్దటం. హన్నా కూడా చిన్నప్పుడు ఆ పనికే పోయింది. పెళ్లయ్యాక మొగుడు ఏసుపాదానికి ఆటోనగర్లో లారీ బాడీలు కట్టే షెడ్డులో పని దొరికితే బెజవాడ వచ్చారు. మా ముందు వసారా, పక్కగది అద్దెకి తీసుకున్నారు. నేను ఇల్లు అద్దెకిచ్చేటప్పుడు చాలా అడుగుతాను. మాంసం ఎక్కడ కడుగుతారు, నీళ్లు ఎన్ని బిందెలు పడతారు, చుట్టాలు ఎంతమంది దిగుతారు, అన్నీ అడుగుతాను. హన్నా అన్నిటికీ జవాబు చెప్పి, "మీరడగాల్సింది ఒకటి మిగిలిపోయింది పిన్నిగారూ. నేను వాకిట్లో కుంపటి పెడతాను. పొగొస్తది" అంది.

"ఎందుకొస్తది పొగ? మీ ఇంట్లో గ్యాసు లేదా?"

"వంటకి కాదండి. బంగారానికి."

నేను నవ్వాను. బంగారం కుంపటి మీద పెట్టేవాళ్లు నా వసారాలో అద్దెకెందుకుంటారు? అదే అన్నాను కూడా. ఆమె నొచ్చుకోలేదు. "బంగారం కాస్తేలెండి, పొగే ఎక్కువ" అంది. ఆ మాటతోనే ఇల్లిచ్చాను.

అప్పటికి ఆమె వన్‌టౌన్లో రామకోటేశ్వరరావు గారి కొట్లో పని చేసేది. ఆయన కొట్లో వెనకగది ఉండేది, అందులో జక్కయ్య అని ముసలి పనివాడు. వెండి నగ మీద పల్చటి బంగారు రేకు అతికే పని ఆయనది. జిగురుండదు, టంకం ఉండదు. వేడి, ఒత్తిడి, అంతే. ముసలాయనకి చెయ్యి వణకటం మొదలైనప్పుడు, పక్కన నగలు తోముతున్న హన్నాని పిలిచి రాయి చేతికిచ్చాడు. రాయంటే రోటి పొత్రం కాదు. చెక్క పిడికి బిగించిన నున్నటి రాయి, వేలిగోరంత ఉంటుంది. దాంతో వేడి వేడి వెండి మీద రేకుని నొక్కాలి. ముసలాయన చెప్పాడట, "వెండి ఒంటిమీద ఏమీ ఉండకూడదమ్మాయ్. నూనె ఉండకూడదు, చెమట ఉండకూడదు, నీ వేలిముద్ర ఉండకూడదు. ఏమీ లేనప్పుడే అది బంగారాన్ని పట్టుకుంటుంది." హన్నా పట్టుకుంది ఆ మాటని. ఆయన పోయాక ఆ రాయి కూడా హన్నా దగ్గరే ఉండిపోయింది.

తర్వాత రామకోటేశ్వరరావు గారు కరెంటు తొట్టి తెప్పించారు. నగని తీగకి కట్టి ఆ నీళ్లలో వేలాడదీస్తే బంగారం పూత పట్టేస్తుంది. రేకు పనికి పొద్దు గడిచిపోతుంది, తొట్లో అయితే కాఫీ తాగేలోపు అయిపోతుంది. హన్నాని ఆ తొట్టి దగ్గర నిలబడమన్నారు. ఆమె నిలబడలేదు.

"నగలకి స్నానం చేయించటానికి నేనెందుకండీ, ఎవరైనా చేయిస్తారు" అని చెప్పి వచ్చేసింది.

"బయటికిపోయి ఏం చేస్తావ్? ఆడదాని దగ్గరికి ఎవరొస్తారు పుస్తెలు చేయించుకోటానికి?" అన్నారట ఆయన.

ఆ మాట నాతో చెప్పినప్పుడు హన్నా మొహంలో ఏ కోపమూ లేదు. నాకే కోపం వచ్చింది. పుస్తెలు కట్టించుకునేది ఎవరంట, మగాళ్లా?

అట్లా నా వాకిట్లో కుంపటి వెలిగింది. ఏసుపాదం షెడ్డు నుంచి మందపాటి ఇనప పలక కోసుకొచ్చి దానిమీద అమర్చి పెట్టాడు. మొదట్లో నేను గొణిగాను. తర్వాత గొణగటం మర్చిపోయి చూస్తూ కూర్చునేదాన్ని. మినప్పప్పు రుబ్బుకునే పని కూడా వసారాలోకి మార్చుకున్నాను, చూడటానికే.

ఆమె వెండి బిళ్లని ఎర్రగా కాకుండా, ఎరుపు రాబోయే ముందు దాకా కాల్చేది. చింతపండు నీళ్లలో వేసేది. సుయ్‌మని కేక పెట్టి నల్లగా వచ్చేది. తోమేది. మళ్లీ కాల్చేది, మళ్లీ చింతపండు. అట్లా చెయ్యగా చెయ్యగా వెండి మీదున్న రాగి కలుపంతా పోయి, తెల్లగా, కొత్త బియ్యపన్నంలాగా తేలేది. మెరుపు కూడా ఉండదు దానికి. నాకు మొదటిసారి చూపించినప్పుడు, "ఇదేంటే, సున్నం కొట్టినట్టుంది, వెండి పాడుచేశావా?" అన్నాను.

"ఇప్పుడే బాగుపడింది పిన్నీ. ముట్టుకోకండి."

"నేనెందుకు ముట్టుకుంటానే!"

"మీ వేలు అక్కడే ఉంది కదా."

నిజమే, అక్కడే ఉంది. తీసేశాను.

అట్లా తెల్లబడ్డాక వెండిని చేత్తో తాకదు, పటకారుతోనే. తెల్లగుడ్డ పరిచి దానిమీద పెడుతుంది. రేకుని రెండు కాయితాల మధ్య పెట్టి కత్తిరిస్తుంది, గాలి తగిలితే ఎగిరిపోతుంది మరి. పలక మీద వెండిని పెట్టి, వేడి చూడటానికి ఎండు తాటాకు ముక్క దానికి తాకిస్తుంది. తాటాకు గోధుమ రంగు తిరిగి పొగ సన్నగా లేస్తే అదీ అదును. నల్లబడితే ఎక్కువైనట్టు. అప్పుడు రేకు పరిచి, రాయితో నడిమధ్య నుంచి అంచులకి నొక్కుకుంటూ పోతుంది. మధ్యలో ఊపిరి కూడా తీసుకోదు. అతుక్కున్నాక ఇంకో రేకు, మళ్లీ వేడి, మళ్లీ రాయి. చివరికి కుంకుడు నురగతో కడిగితే, ఇక అది వెండి అని ఎవరూ నమ్మరు. హన్నా మెడలో ఉన్న సిలువ బిళ్ల అట్లాగే చేసుకుంది. ఎన్నేళ్లు నీళ్లలో, సబ్బులో, చెమటలో నలిగినా పచ్చగానే ఉండేది.

ఆ బిళ్లే ఆమెకి పెద్ద బేరం తెచ్చింది. నాగులు అని, నాగాయలంక అవతల వేట పల్లె నుంచి చేపల లారీతో వచ్చేవాడు. లారీ బాడీ దెబ్బతింటే ఏసుపాదం షెడ్డులో పెట్టాడు. మొగుడికి అన్నం క్యారేజీ తెచ్చిన హన్నా మెడలో బిళ్ల చూసి, అడిగి తెలుసుకుని, సాయంత్రం మా వాకిట్లోకొచ్చి నిలబడ్డాడు. కూతురు హేమ పెళ్లి. ఆ ఏడు సముద్రంలో వేట బాగాలేదు, బంగారం పుస్తెలు చేయించే వీలు లేదు. ఇత్తడి మీద పూత వేసినవి కట్టించటానికి నాగులు తల్లి సన్యాసమ్మకి మనసొప్పటం లేదు.

"మా అమ్మ ఏమంటదంటేనండీ, లోపల ఇత్తడి పెట్టి పైన బంగారం చూపించటం అమ్మోరిని మోసం చెయ్యటమంట. వెండయితే లోపలా శుభం, బయటా శుభం అంట. మగపెళ్లోరిదొకటి, మాదొకటి. రెండూ మిమ్మల్నే చెయ్యమని వాళ్లు కూడా ఒప్పుకున్నారు."

"ఉప్పునీళ్లలో ఉంటదా మీ పిల్ల?" అంది హన్నా.

"ఇంకెక్కడుంటదండీ? వల కడిగేది ఆళ్లే, చేప ఏరేది ఆళ్లే."

"అయితే మూడు వరసలు వేస్తా."

వెళ్తూ వెళ్తూ నాగులు అసలు సంగతి చెప్పాడు. ఆ పల్లెలో ఆ యేడు చాలా ఇళ్లలో పెళ్లిళ్లున్నాయి. అందరి చూపూ హేమ పుస్తెల మీదే ఉంది. అవి బాగుంటే అందరూ హన్నా దగ్గరికే వస్తారు. బాగోకపోతే వన్‌టౌన్లో కొట్టు ఎట్లాగూ ఉంది.

అతను పోయాక హన్నా చాలాసేపు కుంపట్లో బొగ్గులు కదుపుతూ కూర్చుంది. "పిన్నీ, ఇది కుదిరితే నేను ఇక ఎవరి తొట్టి దగ్గరా నిలబడక్కర్లేదు" అంది. కుదరకపోతే ఏమిటో చెప్పలేదు. చెప్పక్కర్లేదు కూడా. ఏసుపాదం సంపాదన ఇంటికి చాలీచాలక ఉండేది, వాకిట్లో చిన్నా చితకా ముక్కుపుడకలు చేసుకుంటూ ఎన్నాళ్లు లాగుతుంది?

పుస్తెలు మొదలుపెట్టటానికి మంచిరోజు చూసుకుని నాగులు, సన్యాసమ్మ పొద్దున్నే వచ్చారు. కంసాలికి ఇచ్చినట్టే తాంబూలం, రవికగుడ్డ, అరటిపళ్లు, పసుపు కుంకాలు పళ్లెంలో పెట్టి తెచ్చారు. సన్యాసమ్మ నా ఈడుదే, సన్నగా, ఎండకి నల్లబడిన మనిషి, చెవులకి పెద్ద కమ్మలు. కూర్చోగానే నన్ను వదినా అంది. నాకు అట్లా గబుక్కున వరస కలిపేవాళ్లంటే సరిపడదు గానీ, ఆమె అన్నప్పుడు బాగానే ఉంది.

హన్నా తెల్లారకముందు నుంచే వెండి తయారుచేసి పెట్టింది. రెండు పుస్తెలూ తెల్లగుడ్డ మీద తెల్లగా కూర్చున్నాయి. తాంబూలం పళ్లెం రెండు చేతులా అందుకుని వసారాలోనే గోడవార పెట్టి, బొగ్గులు తేవటానికి పెరట్లోకి పోయింది. నేను నాగులికి మజ్జిగ ఇవ్వటానికి లోపలికి పిలిచాను. వసారాలో సన్యాసమ్మ ఒక్కతే ఉంది. మేమందరం మళ్లీ వచ్చేటప్పటికి ఆమె కొంగు సర్దుకుంటూ, ఎక్కడ కూర్చున్నది అక్కడే కూర్చుని ఉంది.

మొదటి రేకు ఆమె కళ్లముందే వేసింది హన్నా. తెల్లటి వెండి మీద పచ్చగా పరుచుకుంటుంటే సన్యాసమ్మ నోరు తెరిచి చూసింది. "ఓలమ్మో, ఎన్నపూసలాగా కరుచుకుందే!" అంది. ఇద్దరూ సంతోషంగా చీరలు కొనటానికి బజారుకి పోయారు.

మధ్యాన్నం తిరిగొచ్చేసరికి హన్నా రెండో వరసకి పలక మీద వేడి పెడుతోంది. నేను ఎదురుగానే ఉన్నాను. తాటాకు తాకించింది, రంగు తిరిగింది. రేకు తీసింది. అంతలో పుస్తె మీద, మొదటి రేకు కింద నుంచి, చిన్న బుడగ లేచింది. దాని పక్కనే ఇంకోటి. చూస్తుండగానే నూనెలో పూరీ పొంగినట్టు పొంగింది. రెండో పుస్తె కూడా అంతే. అతుక్కున్న బంగారం లేచి, చిట్లి, అంచుల్లో ముడుచుకుపోయింది.

నాగులే ముందు నోరు తెరిచాడు. "ఇదేందమ్మా?"

సన్యాసమ్మ మొహం చూడలేకపోయాను. చీరల సంచి జారి కింద పడినా తీసుకోలేదు. "పుస్తె పగిలిందిరా" అంది. "పిల్ల మెడలో పడకముందే పగిలిందిరా నాగులూ."

"పగల్లేదమ్మా" అంది హన్నా. పటకారుతో పుస్తెలు దించి పక్కన పెట్టింది. ఆమె చూపు ఒక్కసారి సన్యాసమ్మ కొంగు మీద ఆగింది, అక్కడి నుంచి తెల్లగుడ్డ మీదకి పోయింది. గుడ్డ చటుక్కున మడిచి, కింద పెట్టుకుని దానిమీద కూర్చుంది. ఎందుకు అట్లా కూర్చుందో నాకప్పుడు అర్థం కాలేదు. "పుస్తెలకేం కాలేదు. వెండి వెండిలాగే ఉంది. తప్పు నాది. వేడి చాలకుండానే మొదటి రేకు వేసేశాను. పొద్దున్న తొందరపడ్డాను."

నేను అక్కడే ఉన్నాను, వేడి సరిగ్గా ఉంది. తాటాకు రంగు నేనూ చూశాను. నోరు తెరవబోతే హన్నా నా వైపు చూసిన చూపుకి నోరు మూసుకున్నాను. నేను నోరు మూసుకోవటమంటే మా వీధిలో ఎవరూ నమ్మరు.

నాగులు మర్యాదస్తుడే, కానీ కూతురి పెళ్లి. గొంతు పెరిగింది. "తొందరపడ్డానంటే సరిపోద్దా అమ్మా? ఈ మాట మగపెళ్లోరి చెవిన పడితే ఏం చెప్పుకోవాలి మేం? ఇటియ్యండి ఆ వెండి. వన్‌టౌన్లో కొట్టుంది కదా, కరెంటు పూత వేయించుకుంటాం. ఏసుపాదం మాట నమ్మి వచ్చాం చూడండి, మాదీ తప్పు."

ఒక్క మాట చెప్పుంటే చాలు హన్నాకి. చెప్పలేదు. పుస్తెలు నీళ్లలో ముంచి చల్లార్చి, రెండు చేతుల్లో పెట్టుకుని, ఇవ్వటానికి సిద్ధంగా కూర్చుంది.

ఆపింది సన్యాసమ్మే. "ఉండరా. పుస్తెలు మొదలెట్టిన చేతిలోంచి తీసి ఇంకో చేతిలో పెట్టకూడదు. అది ఇంకా చెడ్డ. మొదలెట్టిన మనిషే ముగించాలి" అంది. నాగులు కాసేపు గునిసి, ఊరుకున్నాడు. కానీ గడప దాటుతూ, "ఇది సరే. మిగతా పెళ్లిళ్లోళ్లకి మాత్రం నేను మీ పేరు చెప్పలేనండి" అన్నాడు. హన్నా తలూపింది.

వాళ్లు వీధి మలుపు తిరిగారో లేదో, నేను మొదలుపెట్టాను. "ఏమే, నీకు బుద్ధుందా? వేడి చాలకపోవటమేంటే? నా కళ్లతో చూశాను. చెయ్యని తప్పు నెత్తినేసుకునే సరదా ఎక్కడ్నుంచొచ్చింది నీకు?"

హన్నా లేచి, కూర్చున్న గుడ్డ తీసి నా చేతిలో పెట్టింది. తెల్లగుడ్డ మీద, పుస్తెలు పెట్టిన చోటు పక్కన, వెతికి చూస్తే తప్ప కనపడనంత లేతగా రెండు పసుపు వేళ్ల గుర్తులు.

అప్పుడు నాకు మొత్తం కళ్లకి కట్టింది. వసారాలో ఎవరూ లేనప్పుడు, పెద్దామె పుస్తెలకి పసుపు పెట్టింది. పెట్టకుండా ఎట్లా ఉంటుంది? మొదలుపెట్టే పుస్తెలు, మంచిరోజు. పెట్టి, కొంగుతో తుడిచేసింది. కంటికి పోయింది గానీ వెండి మీద జిడ్డు మిగిలింది. ఆ జిడ్డు మీద రేకు పైపైన కూర్చుని, రెండో వేడికి లేచిపోయింది.

"పెడితే పెట్టింది, తుడవటమెందుకే?" అన్నాను.

"నేను కిరస్తానీదాన్ని కదా పిన్నీ. చూస్తే నొచ్చుకుంటానేమో అని తుడిచింది. నా మీద మర్యాదతోనే తుడిచింది."

"మర్యాదా! నీ కొంప ముంచింది. ఇప్పుడే పోయి బస్టాండులో పట్టుకుని చెప్పొస్తా. నీ పేరు పాడవుతుంటే..."

"చెప్పకండి." ఎప్పుడూ లేనిది నా చెయ్యి పట్టుకుంది. "పిన్నీ, ఆ పిల్ల మొగుడు సముద్రం మీదకి పోతాడు. రేపెప్పుడో ఒకరోజు పడవ రావటం ఆలస్యమవుతుంది. అవుతుందా అవదా? ఆ రోజు ఒడ్డున నిలబడ్డవాళ్లందరికీ ఏం గుర్తొస్తది? నాయనమ్మ పసుపు పుస్తె మీద నిలవలేదు, రేకు చిట్లింది అని. ఆ ముసలామె ఆ మాటతో బతకగలదా? ఆ పిల్ల? అదే నా చెయ్యి తప్పయితే, చేసిన మనిషికి పని రాలేదు అంటారు, మర్చిపోతారు."

"నిన్నూ మర్చిపోతారే!"

"అదీ అవుతదిలే" అంది.

ఆ మనిషి గురించి నేను ఇంత దూరం రాయటానికి కారణం ఆ మాటే. పని బాగా తెలిసినవాళ్లని చాలామందిని చూశాను. వాళ్ల పనిని ఎవరన్నా ఒక మాటంటే ఊరంతా ఏకరువు పెడతారు. నేనైతే, ఎవరన్నా నా పులుసులో ఉప్పెక్కువైందంటే, అన్నవాళ్ల నాలుకదే తప్పని రుజువు చేసేదాకా నిద్రపోను. ఈమె తన పేరు నిలబడాల్సిన రోజున, తన చేతులతోనే దాన్ని తీసి పక్కన పెట్టింది.

వెండిని మళ్లీ కాల్చి, చింతపండులో వేసి, మొదటి నుంచీ చేసుకొచ్చింది. ఈసారి సన్యాసమ్మని రమ్మని కబురు పెట్టింది. "పెద్దామె పక్కనుంటే నాకు ధైర్యం" అని చెప్పించింది. ఆమె రాగానే కుంకుడుకాయలు, నీళ్లగిన్నె ముందు పెట్టింది. "అమ్మా, నురగ మీరే తియ్యాలి. బాగా పిసకండి." నాకు నవ్వాగలేదు. ఆ చేతులు గిన్నెలో ఉన్నంతసేపు పుస్తెల మీదకి రావు కదా!

ముసలామె పిసికింది, పిసికింది. "ఏందమ్మా, ఊరంతటికీ తలంటు పోస్తావా?" అంది.

"ఇంకొంచెం నురగ రావాలమ్మా."

"నీ మొగుడితో కూడా ఇట్టాగే చేయిస్తావా పని?"

"ఆయన ఇంత బాగా పిసకడమ్మా" అంది హన్నా, రేకు మీంచి చూపు తియ్యకుండా.

మూడు వరసలూ పడ్డాయి. వేడి పెట్టిన ప్రతిసారీ ఇద్దరు ముసలాళ్లం ఊపిరి బిగబట్టాం. ఒక్క బుడగ లేవలేదు. నురగలో కడిగి, గుడ్డతో తుడిచి, అరచేతిలో పెట్టుకుని హన్నా సన్యాసమ్మ ముందుకి జరిగింది. కాయితం పొట్లంలో పసుపు తెచ్చి ఉంచమని నాకు ముందే చెప్పింది, తెచ్చి ఉంచాను.

"ఇప్పుడు పెట్టండమ్మా మీ పసుపు."

సన్యాసమ్మ చెయ్యి గాల్లో ఆగిపోయింది. "నీకు... పర్లేదా తల్లీ? మీ దేవుడేమీ అనుకోడా?"

"మా దేవుడికి పసుపుతో పేచీ ఏముందమ్మా? పని అయ్యాక పెట్టుకోవాలి. అంతే."

ముసలామె హన్నా మొహంలోకి చూసింది. తర్వాత తన వేళ్లని చూసుకుంది. అర్థమయిందో లేదో నేను చెప్పలేను. పసుపు పెట్టింది, కుంకం పెట్టింది. ఈసారి తుడవలేదు. లేచేటప్పుడు హన్నా బుగ్గలు రెండు చేతులా నిమిరి మెటికలు విరిచింది. ఆ బుగ్గలకీ పసుపంటింది, హన్నా కూడా తుడుచుకోలేదు.

పెళ్లి బాగా జరిగిందన్నారు. ఆ పల్లెలో మిగతా పెళ్లిళ్లన్నిటికీ పుస్తెలు మాత్రం వన్‌టౌన్ కొట్లోనే చేయించారు. వెండి బిళ్లలు కొని, తొట్లో ముంచి, మెరిసేవి తీసుకుపోయారు. హన్నా అతికిన రేకు పొంగిందని మా వీధిలో కూడా తెలిసిపోయింది. రామకోటేశ్వరరావు గారు ఓరోజు స్కూటరేసుకుని మా వాకిట్లోకే వచ్చారు.

"ఏమ్మా హన్నా, సరదా తీరిందా? రేపట్నుంచి రా. తొట్టి దగ్గర కుర్చీ కూడా వేయిస్తాలే."

"కుంపటి ఇంకా ఆరలేదండి" అంది హన్నా.

"బేరాల్లేని కుంపటెందుకమ్మా?"

నేను ఊరుకోలేదు. "చలికాగుతున్నాం అన్నయ్యగారూ. మీరూ కూర్చోండి, కాచుకుపోదురు గాని" అన్నాను. వైశాఖమాసం ఎండలో చెమటలు కక్కుతున్న మనిషి స్కూటర్ తిప్పుకున్నాడు.

నవ్వులాటకి అన్నాను గానీ, ఆ ఏడాది హన్నా చాలా ఇబ్బంది పడింది. ముక్కుపుడకలు, చిన్న సిలువలు, చెవి దిద్దులు చేసింది. అద్దె ఆలస్యమైనప్పుడు నేను అడగలేదు, ఆమె సాకులు చెప్పలేదు. ఆ పసుపు మాట మాత్రం ఆమె నోట రాలేదు. ఏసుపాదానికి కూడా చెప్పలేదు. ఆయన ఓసారి నా ముందే, "వేడి చాలకపోవటం నీకెట్లా జరిగిందే?" అని అడిగితే, "జరిగింది, అన్నం తినండి" అంది.

వానాకాలం వెళ్లేసరికి ఆ పల్లెలో కొత్త పెళ్లికూతుళ్ల మెడల్లో పూత కరిగింది. ఉప్పునీళ్లకి ముందు అంచులు తెల్లబడ్డాయి, తర్వాత మొత్తం వెండి బయటపడింది. హేమ మెడలో రెండూ పెళ్లినాడు ఎట్లా ఉన్నాయో అట్లాగే ఉన్నాయి. వల దగ్గర ఆడవాళ్లు ఒకళ్లవి ఒకళ్లు పోల్చుకున్నారు. ఇక చెప్పేదేముంది? మొదట ఇద్దరు వచ్చారు, మొహాలు కిందికేసుకుని. తర్వాత బస్సు దిగి నేరుగా మా వీధికే రావటం మొదలైంది. నాగులు కూడా పెద్ద పండుగొప్ప చేప పట్టుకొచ్చి, వసారాలో పెట్టి పోయాడు. ఆ చేప మా రెండిళ్లకీ సరిపోయింది.

హన్నా అప్పట్నుంచీ ఒక పద్ధతి పెట్టుకుంది. పుస్తెలు చేయించటానికి ఎవరొచ్చినా, ఇంట్లో పెద్ద ముత్తైదువనో, నాయనమ్మనో వెంట తీసుకురమ్మంటుంది. పసుపు పొట్లం కుంపటి పక్కన తనే ఉంచుతుంది. పని పూర్తయ్యాక, "రండమ్మా, మీ వంతు" అని పిలుస్తుంది. చూసినవాళ్లు, కిరస్తానీ అయినా మన ఆచారం ఎంత బాగా పాటిస్తుందో అని మెచ్చుకుంటారు. కిరస్తానీ ఇళ్ల వాళ్లొస్తే ప్రార్థన కూడా పని అయ్యాకే చేసుకోమంటుంది, ఎందుకంటే ప్రార్థన చేసేవాళ్లు కొబ్బరినూనె చేతులు దానిమీద పెడతారు!

ఇదంతా ఇన్నేళ్ల తర్వాత బయటపెట్టటం తప్పా అంటే, కాదనే అనుకుంటున్నాను. సన్యాసమ్మ నిండుగా బతికి పోయింది. హేమ మొగుడు వేటకెళ్లటం మాని ఒడ్డునే ఐసు డిపో నడుపుకుంటున్నాడు, ఇక పడవ ఆలస్యమయ్యే మాట లేదు. అయినా ఆ ఇంటివాళ్ల పేర్లు మార్చే రాశాను. హన్నా పేరు మాత్రం మార్చలేదు, మార్చను.

కిందటిసారి హేమ వచ్చింది. చెల్లెలి వరస పిల్లకి పుస్తెలు చేయించాలని వెంటబెట్టుకొచ్చింది. మనిషి ఒళ్లు చేసింది, నలుగురిలో గట్టిగా మాట్లాడటం నేర్చింది. మెడలో అవే పుస్తెలు. ఆ పిల్ల రేకు అతకటం చూస్తూ భయం భయంగా, "అక్కా, పొంగవు కదా?" అంది. వాళ్ల పల్లెలో ఇంకా చెప్పుకుంటారంట ఆ సంగతి.

హేమ నవ్వి, "అవునమ్మా హన్నమ్మా, నేనెప్పుడూ అడగలా. అప్పుడు నావి మొదటిసారి ఎందుకు పొంగినయ్?" అంది.

హన్నా తాటాకు ముక్క వెండికి తాకించింది. సన్నగా పొగ లేచింది. ఇప్పుడామె దగ్గర పని నేర్చుకున్న ఆడవాళ్లు ఇద్దరు ఎదురుగా కూర్చుని ఉన్నారు, వాళ్లూ తలెత్తి చూశారు. నేను నోట్లో ఉన్న వక్కని గట్టిగా కొరికాను.

"అప్పట్లో నాకు పని కొత్తమ్మా," అంది హన్నా, "వేడి చూసుకోవటం తెలిసేది కాదు."

అని, రేకు పరిచి, రాయి తీసుకుంది.